నవమి నాడు సెలవు తీసుకున్న యంత్రం

మా వంటగది గోడకు ఒకే మేకుకు రెండు క్యాలెండర్లు వేలాడుతుంటాయి. ఒకటి మరాఠీది, గ్యాస్ ఏజెన్సీ వాళ్లు ఇచ్చింది. రెండోది తెలుగుది, మంచిర్యాల నుంచి మా బావమరిది ఏటా పంపేది. నా ఫిర్యాదు మేకు గురించి కాదు. ఈ రెండూ ఏ పండుగ దగ్గరా ఒక మాట మీద ఉండవు. ఒకదాంట్లో ఏకాదశి వచ్చేస్తే రెండోదాంట్లో ఇంకా దశమే నడుస్తుంటుంది. ఉపవాసం ఏ రోజని అడిగితే మా ఆవిడ రెండింటినీ చూసి, నాకు ఏ రోజు ఎక్కువ ఆకలి వేస్తుందో ఆ రోజని తేలుస్తుంది. పెళ్లయినప్పటి నుంచి ఇలాగే గడుస్తోంది, ప్రాణనష్టమేమీ లేదు. ఒక్క ఏడు మాత్రం ఆ రెండు క్యాలెండర్లూ ఒక తేదీ దగ్గర రాజీపడ్డాయి. ఆ రాజీ ఎక్కడో జర్మనీలో ఉన్న ఒక మ్యూజియానికి తలనొప్పి తెచ్చింది.

అది 2014. తెలంగాణ వేరు రాష్ట్రమైన సంవత్సరం. మంచిర్యాలలో మా అత్తగారు కూర్చున్న మంచం మీంచి లేవకుండానే కొత్త రాష్ట్రానికి మారిపోయారు. సరిహద్దుకు ఇవతల, మహారాష్ట్ర చంద్రపూర్‌లో ఉన్న మాకు ఏమీ మారలేదు. ఇంటిపేరు చివర ‘వార్’ ఉన్నందుకు అక్కడి చుట్టాలు మమ్మల్ని మరాఠీవాళ్లంటారు. ఇంట్లో మాట్లాడేది విని ఇక్కడివాళ్లు తెలుగువాళ్లంటారు. రెండు పక్కలా పరాయివాళ్లుగా ఉండటంలో ఒక సుఖం ఉంది. ఏ పక్క గెలిచినా మిఠాయి మనకూ వస్తుంది.

నాది మోటార్ రివైండింగ్ దుకాణం. రివైండింగ్ అంటే కాలిపోయిన మోటారు పొట్టలోంచి మాడిన రాగి తీగంతా లాగేసి, కొత్త తీగను అదే లెక్కన చుట్టి పెట్టడం. నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను కాబట్టి ఆ తీగ ఎందుకు పనిచేస్తుందో నాకు తెలుసు. తెలియనివాళ్లు చుట్టినా అది పనిచేస్తుంది. పక్కపనిగా గణపతి మండళ్లకు ‘హల్తా దేఖావా’లు చేసేవాణ్ని. బొమ్మల వెనక మోటారు దాచి రాక్షసుడి చెయ్యి లేచేలా, దేవి త్రిశూలం దిగేలా చేస్తే మా ఊళ్లో దాన్ని అలా అంటారు. లారీ వైపర్ మోటార్ల సాయంతో నేను చంపించిన మహిషాసురులు చాలామందే ఉన్నారు.

నాతో పనిచేసే పోశన్న సాస్తి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై, ఇంట్లో కూర్చోవడం చేతకాక నా దగ్గర చేరినవాడు. వాళ్ల నాయన బొగ్గు పనికని కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పోశన్న నన్ను ‘సేటూ’ అంటాడు. ఆ మాటలో గౌరవం ఎంత, వెటకారం ఎంత అనేది రోజును బట్టి ఉంటుంది.

ఆ ఏడు వానాకాలం ముగిసేవేళ, కోట గోడకు దగ్గర్లో ఉన్న పాత సర్కారు గోదాముకు సున్నం కొట్టి మ్యూజియం అన్నారు. అందులో మొట్టమొదటి ప్రదర్శన ఒక జర్మన్ కళాకారుడి రెట్రాస్పెక్టివ్. ఒక మనిషి జీవితమంతా చేసిన పనిని ఒకచోట పేర్చి చూపడాన్ని అలా అంటారని క్యూరేటర్ వైదేహి మేడమ్ చెప్పారు. క్యూరేటర్ అంటే ఆ వస్తువుల ఎంపిక, అమరిక, బాగోగులు అన్నిటికీ బాధ్యురాలు. ఆమె పుణె నుంచి వచ్చారు. మాతో హిందీలో మొదలుపెట్టి, కోపం వస్తే మరాఠీలోకి దిగేవారు.

ఆ కళాకారుడి పేరు పలకడానికి మా ఊళ్లో నాలుగు పద్ధతులు పుట్టాయి. నాలుగూ తప్పేనట. అందుకని నేను పెద్దాయన అనే అంటాను. అప్పటికే చనిపోయారు. జర్మనీలో ఒక బొగ్గు ఊళ్లో గని కార్మికుడి కొడుకుగా పుట్టారు. చిన్నప్పుడు యుద్ధం. విమానాల భయానికి రాత్రిపూట ఊరంతా దీపాలు ఆర్పేసి కూర్చునేవారు. యుద్ధం ముగిశాక ఆయన రంగులు, కుంచెలు పక్కన పెట్టి వెలుతురుతో, కదలికతో బొమ్మలు చేశారు. పోయేముందు తన పనిని బొగ్గు ఊళ్లలో చూపించమని కోరారట. అలా ఎవరో పటంలో బొగ్గు వెతుకుతూ చంద్రపూర్ దాకా వచ్చారు. లైటింగ్, కరెంటు కాంట్రాక్టు నాకు దొరికింది. “కదిలే బొమ్మలతో అనుభవం ఉందా?” అని అడిగారు మేడమ్. మహిషాసురుల సంగతి చెప్పాను. ఆమె ఏదో రాసుకున్నారు.

పెట్టెలతోపాటు ఎర్విన్ అనే పెద్దమనిషి దిగారు. ఎనభైకి దగ్గరగా ఉంటారు, సన్నగా పొడుగ్గా, రెండు చేతులూ కొద్దిగా వణుకుతూ. పెద్దాయన వీధిలోనే పుట్టి, ఆయన యంత్రాలన్నింటికీ నట్లు బిగించినవాడు. మా ఊరికి తెల్లవాళ్లు వచ్చేది తాడోబా అడవిలో పులిని చూడటానికే. అందుచేత ఆటోవాళ్లు ఆయన్ని మొదటి మూడుసార్లు సఫారీ బుకింగ్ ఆఫీసులో దింపారు. ఇడ్లీ హోటల్ యజమాని రోజూ “పులి కనిపించిందా?” అని అడిగేవాడు. నాలుగోనాడు ఎర్విన్ విసిగిపోయి “కనిపించింది” అన్నారు. ఆ రోజు కాఫీకి డబ్బులు తీసుకోలేదు.

ప్రదర్శనలో అన్నింటికన్నా పెద్దది హాలు నడిమధ్య నిలబెట్టిన ఒక యంత్రం. మనిషెత్తు అల్యూమినియం డబ్బా, ఒళ్లంతా బెజ్జాలు. లోపల ఒక పెద్ద బల్బు. అడుగున గేర్ మోటారు, అంటే పళ్లచక్రాలు తగిలించి వేగాన్ని చంపిన మోటారు. అది గొలుసుతో డబ్బాను బహు నిదానంగా తిప్పుతుంది. హాల్లో దీపాలు ఆర్పి దీన్ని నడిపిస్తే గోడల మీద, కప్పు మీద, చూసేవాళ్ల మొహాల మీద వెలుగు చుక్కలు ఈదుకుంటూ పోతాయి. దాని అసలు పేరు పొడుగ్గా ఉంటుంది. పోశన్న చూసిన వెంటనే ‘జల్లెడ’ అన్నాడు. ఆ పేరే స్థిరపడింది. ఎర్విన్ కూడా “జల్లెడా” అని దీర్ఘం తీసి అనడం మొదలుపెట్టారు.

మొదటిసారి తిప్పి చూపించినప్పుడు పోశన్న చేతిలో చాయ్ గ్లాసు ఉంది.

“బొమ్మ లేదు, పాట లేదు. ఏం జూడాలె సేటూ?”

“చుక్కలు చూడాలి పోశన్నా.”

“సుక్కలు మా వాకిట్ల పైసల్లేకుంటనే కనవడుతయి.”

అలా అంటూనే స్టూలు మీద కూర్చున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది. నేను స్విచ్ ఆపేదాకా లేవలేదు.

గోదాము కరెంటు కొత్త పెళ్లికొడుకులా ఉండేది, ఎప్పుడు అలుగుతుందో తెలియదు. బయట గొయ్యి తవ్వి ఉప్పు, బొగ్గు వేసి కొత్త ఎర్తింగ్ చేశాను. లీకైన కరెంటు మనిషిలోంచి కాక నేలలోకి పోయే దారి అది. వోల్టేజీ ఎగిరిపడకుండా స్టెబిలైజర్ పెట్టాను. ఇక మోటారు సంగతి. నేను స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ దగ్గర ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాను. డాక్టరు స్టెతస్కోపు లాంటిదే, ఫీజు తక్కువ. తల తిప్పి చూస్తే అవతలి పక్క ఎర్విన్ కూడా వంగి, తన స్క్రూడ్రైవర్ పిడిని చెవికి పెట్టుకుని ఉన్నారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆ తర్వాత మా మధ్య ఇంగ్లీషు కష్టం చాలావరకు తగ్గింది.

“బాగానే ఉంది కదా?” అన్నారాయన.

“ముసలిదే, కానీ దగ్గడం లేదు.”

“అది రాసివ్వండి. ఎవరైనా రాసివ్వాలి.”

అప్పుడు చెప్పారు సంగతి. జల్లెడకు ఇదే ఆఖరి ప్రయాణం. దాని సొంతదారైన జర్మన్ మ్యూజియం ఒక నిర్ణయం తీసుకుంది. యంత్రం పాతబడింది, తిప్పుతూ పోతే అరిగిపోతుంది, కనుక ఇక తిప్పకుండా గోదాములో భద్రపరచాలి, జనానికి వీడియో చూపిస్తే చాలు. ఎర్విన్ వాళ్లతో ఏళ్ల తరబడి పోట్లాడి ఒక్క అవకాశం సంపాదించారు. చంద్రపూర్‌లో ప్రదర్శన తెరిచి ఉన్న ప్రతి రోజూ, మొదటి రోజుతో కలిపి, అది నిర్ణయించిన వేళల్లో ఆగకుండా తిరగాలి. తిరిగిందని వైదేహి మేడమ్ కండిషన్ రిపోర్టులో రాయాలి. కండిషన్ రిపోర్టు అంటే వస్తువుకు ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్. అలా రాస్తే జల్లెడను జనం మధ్యే ఉంచుతారు. ఒక్క రోజు తప్పినా పెట్టెలోకి, చీకట్లోకి.

“చీకటి భయంతో వెలుగు పట్టుకున్నవాడు,” అన్నారు ఎర్విన్. “దాన్ని చీకట్లో పెడతారట.” గ్రీజు డబ్బా మూత బిగించడానికి ప్రయత్నిస్తుంటే చేతులు వణికి పట్టు దొరకలేదు. పోశన్న వచ్చి బిగించాడు.

ఆ చేతుల వల్లే ఎర్విన్ యంత్రం నడిపే పనిని పోశన్నకు నేర్పారు. స్విచ్ వేసేముందు డబ్బాను చేత్తో అంగుళం కదిలించి గొలుసు బిగువు చూడాలి, తర్వాత బల్బు, తర్వాత మోటారు. పోశన్న తెలుగులో గట్టిగా ప్రశ్నలడిగేవాడు. ఆయన జర్మన్‌లో మెల్లగా జవాబు చెప్పేవారు. పని మాత్రం సక్రమంగా సాగింది.

తెరిచే తేదీ పుణెలో కూర్చుని ఖాయం చేశారు. సెలవురోజు చూసి పెట్టారు, జనం వస్తారని. ఎన్నికల కోడ్ ఉన్నందున మంత్రులు రాకూడదు కాబట్టి ఉపన్యాసాలు కూడా ఉండవని మేం సంతోషించాం. ఆహ్వాన పత్రాలు వచ్చాక నేను ఇంటికి ఒకటి తెచ్చాను. మా ఆవిడ దాన్ని తీసుకుని మేకు దగ్గరికి వెళ్లి రెండు క్యాలెండర్లూ ఎత్తి చూసింది.

“ఏమండీ, ఆ రోజు ఖండే నవమి. తెలుగుదాంట్లోనూ ఆయుధ పూజే ఉంది.”

“రెండూ ఒకటే చెప్తున్నాయా?”

“అదే నాకూ నమ్మకం కుదర్లేదు. సద్దుల బతుకమ్మ కూడా ఆ రోజే.”

ఇతర ప్రాంతాలవాళ్లకు ఈ నవమి సంగతి కొంచెం చెప్పాలి. మా దగ్గర ఆ రోజు పనిముట్లను కడిగి, బొట్టు పెట్టి, పూజ చేసి, ముట్టకుండా వదిలేస్తారు. టైలరు కుట్టు మిషను తొక్కడు. మంగలి కత్తి పట్టడు. నా దుకాణంలో తీగ చుట్టే మిషను ఆ రోజు తిరగడం మా నాన్న కాలం నుంచీ ఎవరూ చూడలేదు. తిప్పితే ఏమవుతుందో తెలియదు, ఎవరూ తిప్పలేదు కాబట్టి.

మర్నాడు మ్యూజియంలో మేడమ్ ప్రారంభం ఏర్పాట్లు చదువుతుంటే పోశన్న చేతులు కట్టుకుని విన్నాడు.

“గా దినం జల్లెడ తిప్పద్దు మేడమ్,” అన్నాడు హిందీలో. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, “నువ్వు జెప్పు సేటూ. గిదేం కథ? యాడాదంత పనిజేసేదానికి ఒక్క దినం సెలవిస్తం. గది గూడ గుంజుకుంటరా?”

నేను మధ్యవర్తి గొంతు పెట్టాను. “పోశన్నా, ఇది కళ. యంత్రం కాదు.”

“మోటరున్నదా?”

“ఉంది.”

“గొలుసున్నదా? గ్రీసు పెడుతున్నమా?”

“పెడుతున్నాం.”

“మరి యంత్రం గాక ఏంది? నీ డిగ్రీ ఇంట్ల వెట్టి జెప్పు.”

వాచ్‌మన్లిద్దరూ, ఊడ్చే కమలాబాయీ పోశన్న వెనక నిలబడ్డారు. మేడమ్ తేదీ మార్చలేనన్నారు. మారిస్తే ఇన్సూరెన్స్ కాగితాలు జర్మనీ నుంచి మళ్లీ మొదలవ్వాలి.

“సరే, శంకర్ భావూ, మీరు తిప్పండి. మీరు సైన్స్ చదివారు కదా?”

నేను సైన్స్ చదివిన మాట నిజం. ఆ రోజు దుకాణంలో పూజ ఉందన్న మాట కూడా నిజమే. రెండోదే చెప్పాను.

స్విచ్ వేయడానికి పెద్ద బలమేమీ అక్కర్లేదు, ఎర్విన్ వేయగలరు. అందరం ఆయన వైపు చూశాం. ఆయన నన్ను పక్కకు పిలిచి గొడవ ఏమిటని అడిగారు. చెప్పాను. యంత్రాలకు సంవత్సరానికి ఒక రోజు సెలవని, ఆ రోజు వాటికి బొట్టు పెడతామని, పోశన్న ఇది మొండికెత్తి అంటున్నది కాదని. మీ జల్లెడ భవిష్యత్తు దీని మీద ఉందని మాకు తెలుసు, మీరు నడిపిస్తే ఎవరూ అడ్డం రారని కూడా చెప్పాను.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“మా ఊళ్లోనూ ఉండేది,” అన్నారు. “గని కార్మికులకు ఒక దేవత ఉంది. ఆమె పండుగ నాడు ఎవరూ కిందికి దిగరు. గని నోటి మీద పెద్ద చక్రం ఉంటుంది చూడు, మనుషుల్ని దించి ఎక్కించేది. అది మేం పుట్టినప్పటి నుంచీ తిరుగుతూనే ఉంటుంది, అందుకే మేం దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ ఒక్క రోజు ఆగేది. వాడు నన్ను లాక్కెళ్లాడు. ఇద్దరం గోడెక్కి కూర్చుని, ఆగిన చక్రాన్ని సాయంత్రం దాకా చూశాం. ఇది రోజూ తిరుగుతుంది తెలుసా అన్నాడు వాడు. నాకప్పుడే తెలిసింది.”

వాడు అంటే పెద్దాయన. అంతసేపూ ఆయన్ని గౌరవంగా తలుచుకున్న నాకు ఆ ‘వాడు’ వినడం బాగుంది.

ఎర్విన్ లేచి మేడమ్ దగ్గరికి వెళ్లారు. “ఆ రోజు తిరగదు.”

“తిరగకపోతే నేను తిరగలేదనే రాయాలి. మీకు తెలుసు కదా?”

“రాయండి.”

“ఇన్నేళ్లు పోట్లాడారు, ఎర్విన్.”

“దానికి సెలవిస్తామన్నవాళ్లు ఇంతవరకు ఎవరూ కనిపించలేదు,” అన్నారాయన.

ఆమె మరాఠీలో ఏదో అనుకుంటూ వెళ్లిపోయారు. కోపం వచ్చిందని నాకు భాషను బట్టి అర్థమైంది. చాలాసేపటికి కళ్లు కడుక్కుని వచ్చి, పూజ షరతులు మాట్లాడదామన్నారు.

షరతుల చర్చ ప్రదర్శన ఏర్పాట్లకన్నా పొడుగ్గా సాగింది. కొబ్బరికాయ బయట. అగరుబత్తి బయట. బొట్టు విషయంలో మేడమ్ కదల్లేదు. అల్యూమినియం మీద కుంకుమ పడితే మరక పోదు. బొట్టు లేకుంటే అది పూజే కాదని పోశన్న కూడా కదల్లేదు. ఎర్విన్ దారి చూపారు. “మోటారుకు పెట్టండి. అది కళ కాదు. పాతది కాలిపోతే నేనే బజారులో కొని బిగించాను.”

పోశన్న ఆయన వైపు జాలిగా చూశాడు. “బొట్టు మోటరుకే వెడుతరు పెద్దసారూ. రేకుకు ఎవలన్న వెడుతరా?”

నవమి నాడు ఒక రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు రిబ్బను కత్తిరించారు. కత్తెర కూడా పనిముట్టేనని ఎవరో అన్నారు, అప్పటికే తెగిపోయింది. జల్లెడ మోటారు నుదుట బొట్టు, స్టాండు చుట్టూ బంతిపూల దండ. బల్బు మాత్రం వెలిగించవచ్చని పోశన్న తీర్పు చెప్పాడు. పండుగ నాడు దీపం వెలిగిస్తే తప్పేముంది? బల్బు వెలిగింది. గోడల నిండా చుక్కలు వచ్చి, ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. జనం వచ్చారు, చూశారు, “ఎప్పుడు తిరుగుతుంది?” అని అడిగారు, రేపని చెబితే వెళ్లిపోయారు. సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. ఎర్విన్ గోడకు చేరగిలబడి నిల్చున్నారు. నేను ఆయన దగ్గరికి వెళ్లి ఏదైనా హాస్యమాడదామనుకున్నాను. చాయ్ గ్లాసు చేతికిచ్చి వచ్చాను.

మ్యూజియం ఆవరణలో ఏటా చుట్టుపక్కల తెలుగువాళ్లు బతుకమ్మ ఆడతారు. గోదాముగా ఉన్నప్పటి నుంచీ అలవాటు, మేడమ్ కూడా కాదనలేదు. ఆ ఏడు తెలంగాణలో అది సర్కారు పండుగ అయింది. దాంతో పోశన్న భార్య రాజవ్వ పంతం పట్టి, సాస్తి, బామ్ని వైపున్న ఆడవాళ్లందరినీ పోగేసింది. లక్కడ్‌కోట్ దిక్కు నుంచి బస్తాలకొద్దీ తంగేడు పూలు తెప్పించింది. బతుకమ్మలు నడుమెత్తున పేర్చి ఆవరణలో దించారో లేదో, వాన మొదలైంది. మామూలు వాన కాదు, వెళ్లిపోతూ వెళ్లిపోతూ బాకీ తీర్చే రకం. ఆడవాళ్లంతా బతుకమ్మల్ని ఎత్తుకుని హాల్లోకి పరుగెత్తుకొచ్చారు.

మేడమ్ గుమ్మంలో చేతులు చాచి నిలబడ్డారు. గ్యాలరీలోకి తడి రాకూడదు, పూలు రాకూడదు, పూలతో వచ్చే పురుగు అసలు రాకూడదు.

“పూలల్లో పురుగులుంటాయి, అవి వస్తువుల్ని తింటాయి అంటున్నారు,” అని నేను అనువదించాను.

రాజవ్వ తల మీద బతుకమ్మతోనే జల్లెడను కిందినుంచి పైకి చూసింది. “గునుగు పువ్వు తినే పురుగు ఆ రేకు తింటదా బిడ్డా? దానికి పండ్లుండద్దా?”

అనువదించాను. మేడమ్ ఎర్విన్ వైపు చూశారు. ఎర్విన్ వానలో తడుస్తున్న వెనక వరుసను చూస్తున్నారు. మేడమ్ లోపలికి వెళ్లి, పెట్టెలు విప్పినప్పటి ప్లాస్టిక్ షీట్లు తెచ్చి జల్లెడకు నాలుగు అడుగుల దూరంగా చుట్టూ పరిచారు. “దీని మీద పెట్టండి. జల్లెడ చుట్టూ కట్టిన తాడు దాటొద్దు.”

ఆడవాళ్లు షీట్ల మీద బతుకమ్మల్ని వరుసగా దించారు. మధ్యలో జల్లెడ ఉంది కాబట్టి వలయం దాని చుట్టే పడింది. చప్పట్లు మొదలయ్యాయి. ఒక అడుగు పక్కకు, ఒక వంగు, ఒక చప్పట. నేను స్విచ్చుబోర్డు దగ్గర ఉన్నాను, వాళ్లు లోపలికి వచ్చినప్పుడు వేసిన హాలు దీపాలు అలవాటు కొద్దీ ఆర్పాను.

గోడ కదిలింది.

నిలబడిపోయిన చుక్కల ముందు నుంచి వాళ్ల నీడలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. నీడ పడ్డచోట చుక్కలు ఆరిపోయి, నీడ జరగగానే మళ్లీ వెలుగుతున్నాయి. వాళ్లు వంగినప్పుడు గోడంతా ఒక్కసారి వెలుగై, లేచినప్పుడు సగం చీకటైపోతోంది. చీరల మీద, తడిసిన జుట్టు మీద చుక్కలు పాకుతున్నాయి. డబ్బా కదల్లేదు. బొట్టు పెట్టిన మోటారు చల్లగా కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లు ‘హల్తా దేఖావా’లు చేసిన నేను, మోటారు లేకుండా కదిలిన దేఖావాను అదే మొదటిసారి చూడటం.

మేడమ్ ఫోను తీసి వీడియో తీస్తున్నారు. ఎర్విన్ పోశన్నను సైగ చేసి స్టూలు తెప్పించుకుని కూర్చున్నారు. చాలాసేపు చూశాక నన్ను పిలిచారు.

“దిక్కు తప్పు,” అన్నారు. “జల్లెడ అటు తిరగదు.”

ఆయన ఇంకొంచెంసేపు చూశారు.

“వేగం సరిగ్గా ఉంది.”

మర్నాటి నుంచి ప్రదర్శన ముగిసేదాకా పోశన్న రోజూ డబ్బాను అంగుళం కదిలించి, గొలుసు చూసి, బల్బు వేసి, మోటారు వేశాడు. ఒక్కసారీ ఆగలేదు. బొట్టును ఎవరూ తుడవలేదు, మోటారు వేడికి అదే మసకబారింది. ఆఖర్న మేడమ్ రిపోర్టు రాశారు. మొదటి రోజు యంత్రం తిరిగిందా అన్నచోట లేదని రాశారు, ఆమె అబద్ధం రాసే మనిషి కాదు. దాని కింద, ఆ సాయంత్రం కదలిక ఉందనీ అది ఎవరివల్ల వచ్చిందనీ ఒక పేరా రాసి, వీడియో జత చేశారు. ఎర్విన్ చదివి బాగుందన్నారు. పోయేముందు తన స్క్రూడ్రైవర్‌ను పోశన్నకు ఇచ్చారు. పోశన్న తనది ఆయనకు ఇచ్చాడు. ఎవరికి లాభం వచ్చిందో నేను లెక్క వేయలేదు.

ఈ సంగతి తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. అంతవరకు నాకు మోటార్లు రెండే రకాలు. నడిచేవి, చెడిపోయినవి. మోటారుకు ఓవర్‌లోడ్ రిలే అని ఒకటుంటుంది, మోటారు మరీ వేడెక్కితే అదే కరెంటు ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ నడుస్తుంది. జనం అది చూసి కాలిపోయిందని మోసుకుని వస్తారు. ఒకప్పుడు విప్పి చూసి, తుడిచి, ఏదో కొంత తీసుకునేవాణ్ని. ఇప్పుడు కాసేపు కూర్చోబెట్టి చాయ్ తాగిస్తున్నాను. ఆగిన ప్రతిదీ పాడైనట్టు కాదని వాళ్లకు చెబితే నమ్మరు. చాయ్ అయ్యాక నడిచినా నమ్మరు.

మరుసటి ఏడు వైదేహి మేడమ్ ఒక ఫొటో పంపారు. జర్మన్ మ్యూజియం తన నిర్ణయాన్ని సగం మార్చుకుంది. జల్లెడను చీకటి గోదాములో పెట్టలేదు. జనం వచ్చే హాల్లోనే పెట్టారు, లోపల బల్బు రోజూ వెలుగుతుంది. మోటారు తీగలు మాత్రం విప్పేశారు, ఇక తిప్పరు. పక్కనే చిన్న తెర మీద మా వాళ్ల వీడియో నడుస్తుంటుంది. ఎర్విన్ నెలకోసారి వచ్చి దాని ముందు కూర్చుని వెళ్తారని రాశారు. దుకాణంలో నేను ఆ ఫొటోను పోశన్నకు చూపించి, చీకట్లో పడలేదు, సంతోషించమన్నాను.

అతను అద్దాలు పెట్టుకుని, ఫోనును దూరంగా, మళ్లీ దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“మంచిగనే ఉన్నది. గానీ, గోడకు ఆనిచ్చి పెట్టిండ్రు గద సేటూ. సుట్టు ఎట్ల తిరుగుతరు?”